చేతికండ క్షీణత – నాడీపరీక్షల సాక్ష్యము

నాందేడ్ జిల్లాలోని హిమాయత్‌నగర్ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. నేడు మహారాష్ట్రలో తాలూకా కేంద్రము. ప్రత్తి పండు నల్లరేగడి సీమ. అట్టి యూరివారికి బొటనవ్రేలి మూలమందలి కండ కరగినచో నాడీపరీక్షకై సాధారణముగ పెద్ద పట్టణమునకే పోవలసివచ్చును. వ్యయప్రయాసలకోర్చి ఒక్కమారు చేయించుకొను పరీక్ష సమగ్రముగ నుండవలదా?

మెడనుండి చేతికి దిగు నాడులు తొలి ప్రక్కటెముకమీదుగ పోవుచోట కలుగు బాధలకు 1956లో అమెరికాలో పీట్ ప్రభృతులు 'థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్' అని పేరిడిరి. శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు కొందరు ఆ ద్వారమునే 'ఇన్‌లెట్' అందురు; పేచీ పేరుతోనే మొదలైనది! నాడీసంబంధమైన నిజవ్యాధి మిక్కిలి అరుదు. మెడలోని అదనపు ప్రక్కటెముక గాని, దాని కొననుండి సాగు నారపట్టె గాని క్రిందివరుస నాడులను ఒరసి, వానిలోని తంతువులను నశింపజేయును. ఎముక ఎక్స్‌రేలో కనబడును, నారపట్టె కనబడదు.

1970లో లండనులో గిలియట్ ప్రభృతులు ఈ వ్యాధిచే క్షీణించిన చేతులను వర్ణించిరి. పరీక్షలలో దీని పోలిక విలక్షణమైనది. బొటనవ్రేలి కండనుండి వచ్చు మీడియన్ నాడి చలనసంకేతము బాగుగ తగ్గును. ఆ నాడియొక్క స్పర్శసంకేతము మాత్రము చెడదు. మణికట్టువద్ద మీడియన్ నాడి నొక్కుడుపడినచో స్పర్శసంకేతమే ముందు చెడును. చిటికెనవ్రేలి స్పర్శసంకేతమును తగ్గును. అన్నిటికంటె ముఖ్యసాక్షి ముంజేతి లోపలియంచు చర్మనాడి. దాని సంకేతము రెండవచేతితో పోల్చినపుడు క్షీణించియుండును, లేదా లభింపదు. వెన్నెముకవద్ద నాడీమూలము నొక్కుడుపడినపుడు ఈ స్పర్శసంకేతములు చెడవు. 1959లో జపానులో హిరయామా వర్ణించిన, యువకులకు వచ్చు చేతిక్షీణతయందును స్పర్శసంకేతములు చెడవు. ఇంతటి సాక్షిని పరీక్షాశాలలు పలుచోట్ల పిలువనే పిలువవు! చిన్నసంకేతమగుటచే ఓపిక వలయును. కాని ఓపిక లేమి శాస్త్రీయకారణము కాజాలదు.

దీనికి మారుగ అమెరికాలో 1960ల చివరనుండి కొందరు శస్త్రవైద్యులు మెడప్రక్కన అల్నార్ నాడి వేగమును కొలిచి, మందగించినదని ప్రక్కటెముకను తొలగించుచు వచ్చిరి. ఆ సాక్ష్యమును 1984లో విల్బర్న్, లెడర్‌మన్ అనువారు ఖండించిరి. ఖండన సమంజసమే. వంపుతిరిగిన లోతునాడిని చర్మముపై టేపుతో కొలుచుట కచ్చితము కాదు; పైగా తంతువులు నశించు వ్యాధిలో ముందు తగ్గునది సంకేతపు పరిమాణము గాని వేగము కాదు.

సూదిపరీక్షయు ఆవశ్యకమే. బొటనవ్రేలి కండయందు పాతనష్టపు చిహ్నములు మిక్కుటముగను, ఇతర చేతికండలయందు కొంత తక్కువగను కానవచ్చును. మన ప్రాంతమున కుష్ఠువును మరువరాదు. మోచేతివద్ద బలిసిన నాడిని వ్రేలితో తడిమి చూచుటకు యంత్రముతో పనిలేదు.

నొప్పియే గాని క్షీణత లేనివారియందు ఈ పరీక్షలన్నియు తరచు సరిగనే యుండును. అంతమాత్రమున వారి బాధ కల్పితమనుట అన్యాయము. పరీక్ష పలుకని వ్యాధిని పలికినట్లు వ్రాసి ఎముకను కోయుటయు అన్యాయమే. కరగిన కండ శస్త్రచికిత్సానంతరమున తిరిగి నిండుట అరుదు గనుక, చర్మనాడి సంకేతమును రెండుచేతులయందును చూచితిరా యని రోగియే యడుగుట మేలు.