టిక్కీ మీది రాత

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) మీది రాత చూసి ధర చెప్పే వ్యాపారిని నేనింతవరకూ చూడలేదు. లోపలికి చేయి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు, చెవి దగ్గర ఆడిస్తాడు. గలగలమంటే ఆరినట్టు. మనం తేజా రకం అన్నా 334 రకం అన్నా, కాయ చూశాకే ఆయన లెక్క.

కోల్డ్ స్టోరేజీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే నాకు ఆ బుద్ధి ఆలస్యంగా వచ్చింది.

మొదటి దెబ్బ వెంటనే తెలిసింది. ఆటోమేటిక్ అప్‌డేట్‌లో అందరికీ 64 బిట్ ఫైలు పంపేశాను. ఒకచోట పాత 32 బిట్ విండోస్ ఉంది. పొద్దున్నే గుమస్తా ఫోన్: "సార్, బిల్లు తెరుచుకోవట్లేదండీ, బయట లారీలు నిలబడిపోయాయి." మధ్యాహ్నానికల్లా పాత ఫైలు పెట్టించాను. పోయింది ఒక పూట.

రెండోది నెలల తరబడి తెలియలేదు. 2020 నవంబరులో ఆపిల్ తన సొంత ఎం1 చిప్‌తో మ్యాక్‌లు తెచ్చింది. ఇంటెల్ కోసం కట్టిన ప్రోగ్రాములు ఆగిపోకుండా రోసెటా 2 అనే దుబాసీని పెట్టింది. ఒక స్టోరేజీ యజమాని కొడుకు ఆ మ్యాక్ కొన్నాడు. ఎం1కు విడిగా ఫైలు కట్టి సర్వర్‌లో పెట్టాను. "అన్నా, మీది తెరిస్తే బ్యాటరీ దిగిపోతోంది" అన్నాడో రోజు. యాక్టివిటీ మానిటర్‌లో చూస్తే మా ప్రోగ్రాము ఎదుట 'ఇంటెల్' అని ఉంది.

తప్పు నా అప్‌డేటర్‌దే. దుబాసీ చాటున నడుస్తూ "ఇది ఏ ప్రాసెసర్?" అని అడిగితే "ఇంటెల్" అనే జవాబు వస్తుంది. అలా నమ్మించడమే దుబాసీ పని. అడగాల్సింది "నేను అనువాదంలో నడుస్తున్నానా?" అని. అవునైతే సిస్టమ్ జవాబుగా '1' అని చెబుతుంది. అది అడగనందుకు, ప్రతి అప్‌డేట్‌కూ మళ్లీ ఇంటెల్ ఫైలే దిగుతూ వచ్చింది.

తెరుచుకోని ఫైలు ఫోన్ చేయిస్తుంది. తెరుచుకుని నడిచే తప్పు ఫైలుకు ఎవరూ ఫోన్ చేయరు. రోసెటా పూర్తిగా ఉండేది మ్యాక్‌ఓఎస్ 27 వరకేనని ఆపిల్ 2025లో ప్రకటించింది. నేను దిద్దుకోకపోతే ఏదో ఒక ఏడాది, సరుకు ముంచెత్తే రోజుల్లోనే ఆ కుర్రాడి లెక్కలు ఆగేవి.

ఇప్పుడు ఫైలు పేరును నమ్మను. ఏ చిప్ కోసం కట్టిందో ఫైలు మొదటి బైట్లలోనే ఉంటుంది. దాన్ని తీసి, యంత్రం చెప్పినదానితో సరిచూశాకే పాతదాన్ని కదిలిస్తాను. పేరు టిక్కీ మీది రాత, ఆ బైట్లు గుప్పెట్లోని కాయ.