నవ్వు ఆగిన గది
‘మ్యాష్’ మూడో సీజన్ - ఒక పరిశీలన

యుద్ధం మీద వచ్చిన రచనను అంచనా కట్టేటప్పుడు మనం సాధారణంగా ఒకే ప్రశ్న వేస్తాం: ఇది యుద్ధాన్ని సమర్థిస్తున్నదా, వ్యతిరేకిస్తున్నదా? ప్రశ్న న్యాయమైనదే, కాని చాలదు. దానికంటే ముందు వేయవలసిన ప్రశ్న మరొకటి ఉంది. రచయిత ఎక్కడ నిలబడి యుద్ధాన్ని చూస్తున్నాడు? తుపాకి వెనక నిలబడినవాడికీ, స్ట్రెచర్ పక్కన నిలబడినవాడికీ కనిపించే యుద్ధం ఒకటి కాదు. ‘మ్యాష్’ అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహిక మూడో సీజన్‌ను ఈ రెండో ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఎక్కడో అమెరికాలో యాభై ఏళ్ల కిందట వచ్చిన ధారావాహికతో నంద్యాల, ఆళ్లగడ్డ రచయితలకు పనేమిటని ఎవరికైనా సందేహం కలగవచ్చు. పని ఉందనే నా వాదన.

‘మ్యాష్’ అంటే సంచార సైనిక శస్త్రచికిత్సాలయం. యుద్ధరంగానికి కొద్ది మైళ్ల దూరంలో గుడారాల్లో నడిచే ఆసుపత్రి. కొరియా యుద్ధంలో అటువంటి ఆసుపత్రిలో పనిచేసిన ఒక సర్జన్, రిచర్డ్ హుకర్ అనే కలం పేరుతో 1968లో నవల రాశాడు. దాన్ని రాబర్ట్ ఆల్ట్‌మన్ 1970లో సినిమా తీశాడు. 1972 సెప్టెంబరులో సి.బి.ఎస్. సంస్థ ధారావాహికగా మొదలుపెట్టింది. లారీ గెల్‌బార్ట్, జీన్ రేనాల్డ్స్ దానికి ప్రధాన బాధ్యులు. 1950 జూన్‌లో మొదలైన కొరియా యుద్ధం 1953 జులైలో ఆగింది. ధారావాహిక మాత్రం 1983 ఫిబ్రవరి దాకా నడిచింది. మూడేళ్ల యుద్ధాన్ని పదకొండేళ్లు చూపించారు. కారణం తెలిసిందే. తెర మీద పేరు కొరియాది, ప్రేక్షకుల మనసులో నడుస్తున్నది వియత్నాం.

మూడో సీజన్ తేదీలు చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. మొదటి భాగం ప్రసారమైంది 1974 సెప్టెంబరు 10న. దానికి సుమారు నెల ముందు నిక్సన్ అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. ఇరవై నాలుగో భాగం, అంటే చివరిది, 1975 మార్చి 18న వచ్చింది. ఆ తరవాత ఆరు వారాలకే, ఏప్రిల్ 30న, సైగాన్ విముక్తమైంది. ఒక సామ్రాజ్యం తన ఓటమిని తాను ఒప్పుకోలేక సతమతమవుతున్న కాలంలో ఆ దేశపు మధ్యతరగతి వారం వారం చూసి నవ్విన కథ ఇది. కనుక ఆ నవ్వు ఎటువంటిదో తేల్చుకోవాలి.

మన సాహిత్యంలో నవ్వు రెండు రకాలుగా పనిచేసింది. బాధను కాసేపు మరిపించే నవ్వు ఒకటి. దానికి కొదవ లేదు. బాధకు కారణమైనవాణ్ణి వేలెత్తి చూపించే నవ్వు రెండోది. ‘కన్యాశుల్కం’లో గిరీశం మాటలకు నవ్వుతూ నవ్వుతూ ఒకచోట ఉలిక్కిపడతాం. వాడితోపాటు మనం కూడా ఆ ఆడపిల్లల బతుకును ఆటగా చూశామే అనిపిస్తుంది. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ చదివినవాడికి కోర్టు హాస్యాస్పదంగానే కనిపిస్తుంది. కాని చట్టం ఎవరికి చుట్టమో ఆ హాస్యంలోనే తెలిసిపోతుంది. ‘మ్యాష్’ మూడో సీజన్ ఈ రెండు నవ్వుల మధ్య ఊగిసలాడుతుంది. ఆ ఊగిసలాట దాని బలం, దాని బలహీనత కూడా.

మొదటి నవ్వుకు ఉదాహరణ, పదకొండు రోజులుగా కాలేయం, చేపలు తప్ప మరొకటి పెట్టని మెస్సు మీద హాకై పియర్స్ తిరగబడి, షికాగో నుంచి మాంసం తెప్పించే కథ. ఆద్యంతం నవ్వు వస్తుంది. కాని అతి కష్టం మీద తెప్పించుకున్న తిండి నోటి దగ్గరకు వచ్చే సమయానికి క్షతగాత్రులు వచ్చిపడతారు. తిండి బల్ల మీదే ఉండిపోతుంది. నవ్వుకు ఎల్లలు ఎవరు గీస్తున్నారో కథ చెప్పకుండానే చెప్పింది.

రెండో నవ్వుకు ఉదాహరణ సీజన్ ప్రారంభ కథ. తనిఖీకి వచ్చిన జనరల్ ఒకడు ఆసుపత్రిని యుద్ధరంగానికి మరింత దగ్గరగా జరపాలంటాడు. ఆయనకు మతి చలించిందని చూసేవాడికి క్షణాల్లో అర్థమవుతుంది. కాని భుజం మీది నక్షత్రాలను చూసేవాళ్లకు అర్థం కాదు. పైగా ఎదురు చెప్పిన డాక్టరే విచారణకు నిలబడవలసి వస్తుంది. ఇక్కడ నవ్వు ఒక వ్యక్తి పిచ్చి మీద కాదు. ఆ పిచ్చిని హోదా చూసి గౌరవించే వ్యవస్థ మీద.

ఈ ధారావాహికలో నవ్వుకు సంబంధించిన మరొక విషయం ఉంది. అది కథలో లేదు, తయారీలో ఉంది. హాస్య కార్యక్రమం కనుక వెనకనుంచి ముందే రికార్డు చేసిన నవ్వులు వినిపించాలని సంస్థ పట్టుబట్టింది. ఎక్కడ నవ్వాలో ప్రేక్షకుడికి చెప్పే యంత్రం అది. రచయితలకు అది ఇష్టం లేదు. చివరకు ఒక రాజీ కుదిరింది: ఆపరేషన్ గదిలో మాత్రం ఆ నవ్వు వినిపించకూడదు. సరుకు అమ్ముకునే సంస్థకూ, సత్యం చెప్పదలచిన రచయితకూ మధ్య గీసిన సరిహద్దు రేఖ ఆ గది గుమ్మం. మూడో సీజన్‌లో 1974 అక్టోబరు 8న వచ్చిన కథ మొదటినుంచి చివరిదాకా ఆ గదిలోనే నడుస్తుంది. కాబట్టి అందులో యంత్రపు నవ్వు ఒక్కటీ లేదు. అలసటతో తూలుతున్న డాక్టర్లు, ఎవరిని ముందు బల్ల ఎక్కించాలో ఎంచుకోవలసిన దుస్థితి, వాళ్ల చేతుల కిందే పోయే ప్రాణాలు. ఆ గదిలోనూ వాళ్లు జోకులు వేసుకుంటారు. కాని వెనక నవ్వు లేకపోయేసరికి ఆ జోకులు వేరుగా వినిపిస్తాయి. చీకట్లో ఒంటరిగా నడిచేవాడు గట్టిగా పాడుకునే పాటలాగా.

ఇక చివరి కథ. ఆసుపత్రి అధికారి హెన్రీ బ్లేక్‌కు సర్వీసు ముగుస్తుంది. అతను వీరుడు కాడు. ఆజ్ఞ ఇవ్వడం చేతకానివాడు, చేపల వేట టోపీ పెట్టుకుని తిరిగే మామూలు డాక్టరు. అందరికీ వీడ్కోలు చెప్పి హెలికాప్టర్ ఎక్కుతాడు. కథ అయిపోయిందనుకుంటాం. అంతలో ఆపరేషన్ గదిలోకి రేడార్ అనే కుర్ర గుమాస్తా వస్తాడు. ముఖానికి గుడ్డ లేకుండా వచ్చినందుకు ఒక డాక్టరు కసురుకుంటాడు. అతను చేతిలోని కాగితం చదువుతాడు. హెన్రీ ఎక్కిన విమానాన్ని జపాన్ సముద్రం మీద కూల్చివేశారు. ఎవరూ మిగలలేదు. ఏడుపులు లేవు, సంగీతం లేదు. డాక్టర్ల కళ్లు చెమర్చాయి, కాని చేతులు ఆగలేదు. బల్ల మీద ఇంకా మనిషి ఉన్నాడు.

ఆ పాత్రధారి మెక్‌లీన్ స్టీవెన్‌సన్ కార్యక్రమం నుంచి తప్పుకుంటున్నాడు. పాత్రను క్షేమంగా ఇంటికి పంపివేస్తే సరిపోయేది. వ్యాపారానికి అదే లాభం. గెల్‌బార్ట్ ఆ చివరి పుటను దాచి ఉంచి, చిత్రీకరణ వేళకు నటుల చేతికిచ్చాడు. ప్రసారమయ్యాక ప్రేక్షకులు కోపంతో ఉత్తరాలు రాశారు. నవ్వించడానికి వచ్చినవాళ్లు ఏడిపించారేమిటని వాళ్ల ఫిర్యాదు. ఆ ఫిర్యాదే ఈ కథకు దక్కిన మెప్పు. మూడేళ్లుగా యుద్ధం పేరు చెప్పి నవ్వుకున్నవాళ్ల దగ్గర ఆ ఒక్క నిమిషంలో దాని వెల వసూలు చేశారు. నిజమే, వెంటనే హెన్రీ పాత దృశ్యాలు కొన్ని తెర మీద వేసి వాతావరణాన్ని తేలిక చేశారు. అంతవరకు వ్యాపారం తన వాటా తాను తీసుకుంది. అయినా ఆ నిమిషం చెరగలేదు.

ఇంత చెప్పాక పరిమితులు కూడా చెప్పాలి. ఈ సీజన్‌లో కొరియా నేల ఉంది, కొరియా మనుషులు దాదాపు లేరు. ఉన్నవాళ్లు పనివాళ్లు, చిల్లర వర్తకులు, అనాథ పిల్లలు. ఆ యుద్ధంలో కొరియన్లు లక్షల సంఖ్యలో చనిపోయారు. తెర మీద మన కన్నీళ్లు మాత్రం ఒక అమెరికన్ కల్నల్‌కు కేటాయించారు. నర్సులను చాలాచోట్ల డాక్టర్ల సరదాకు వస్తువులుగా వాడుకున్నారు. యుద్ధరంగంలోని ప్రథమ చికిత్సా కేంద్రానికి మార్గరెట్ వెళ్లే కథ వంటివి దీనికి మినహాయింపు. అన్నిటికంటే ముఖ్యమైన లోపం, యుద్ధం ఎందుకు జరుగుతున్నదనే ప్రశ్నను ఎవరూ వేయకపోవడం. యుద్ధం వానలాగా, వరదలాగా వచ్చిపడుతుంది. డాక్టర్లు తిడతారు, తాగుతారు, కుట్లు వేస్తారు. కోలుకున్న కుర్రవాడు మళ్లీ అదే కందకంలోకి వెళతాడు. తమ నైపుణ్యం ఎవరి అవసరం తీరుస్తున్నదో వాళ్లకు తెలుసు. తెలిసీ ఏమీ చేయలేని ఉదార మధ్యతరగతి మనస్తత్వం అక్కడే ఆగిపోతుంది.

ఆ పరిధిని దాటబోయిన కథ ఈ సీజన్‌లో ఒకటి ఉంది. తమ దగ్గర చికిత్సకు వీలులేని అమెరికన్ క్షతగాత్రులను అప్పగిస్తాం, నిరాయుధంగా రమ్మని చైనా సైన్యం కబురు చేస్తుంది. వెళ్లినవాళ్లలో ఫ్రాంక్ బర్న్స్ రహస్యంగా ఒక చిన్న పిస్తోలు తీసుకువెళతాడు. అది బయటపడి అంతా చెడిపోయేదాకా వస్తుంది. చివరకు అవతలి డాక్టరూ ఇవతలి డాక్టర్లూ ఒకరి భాష ఒకరు అర్థం చేసుకుంటారు. అది ఇంగ్లీషు కాదు, చైనీసూ కాదు, గాయం భాష. ఈ సందర్భంలో మన దేశం గుర్తుకు రావాలి. కొరియాకు భారతదేశం పోరాడే దళాలను పంపలేదు. 1950 నవంబరులో లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వాన 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్‌ను పంపింది. స్ట్రెచర్ పక్కన నిలబడటమనేది మనకు పరాయి సంప్రదాయం కాదు.

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. ఈ సీజన్‌ను నంద్యాలలో ఒక మిత్రుడి గదిలో, కంప్యూటర్ ముందు ఏడెనిమిది మందిమి కూర్చుని చూశాం. హెన్రీ మరణవార్త విన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మిత్రుడు మెల్లగా అన్నాడు: “మన సినిమాల్లో సచ్చినోనికి పేరుంటాదా అన్నా?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. సీమ కక్షలను సరుకుగా మార్చిన సినిమాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గాలిలో లేచే సుమోలు, తొడ చరిచే కథానాయకుడు, కత్తి, బాంబు. వాటిలో నరికినవాడికి పేరుంది, వంశముంది, పాట ఉంది. నరకబడినవాడు లెక్కలో ఒకడు. వాణ్ణి ఎవరు మోసుకుపోయారు? బాంబు పేలి చెయ్యి పోయినవాడు మరుసటి ఏడు నాగలి ఎట్లా పట్టాడు? సినిమాకు అక్కర లేదు. 2018లో వచ్చిన ‘అరవింద సమేత’ ఆడవాళ్ల దుఃఖానికి కొంత చోటిచ్చింది. అయినా తెరను ఎక్కువసేపు ఏలింది కత్తే.

నిజంగా కక్ష కథ నడిచిన చోటు వేరు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలో దెబ్బతిన్నవాణ్ణి జీపులోనో ట్రాక్టరులోనో వేసుకుని నంద్యాలకు పరుగెత్తేవాళ్లు. అక్కడ వల్లకాదంటే కర్నూలు పెద్దాసుపత్రికి. ఆ రోడ్డు ఈ ప్రాంతపు చరిత్రలో ఒక అధ్యాయం. వరండాలో రెండు వర్గాల ఆడవాళ్లూ ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఉంటారు. లోపల ఇద్దరి మగవాళ్లకూ ఒకే చేయి సెలైన్ ఎక్కిస్తూ ఉంటుంది. నాయకుడు వస్తాడు, పలకరించి వెళతాడు. కేసు నడుస్తుంది, రాజీ అవుతుంది, మళ్లీ ఎన్నికలొస్తాయి. మంచానపడినవాడు మంచంలోనే ఉంటాడు. ఆళ్లగడ్డ శిల్పులు దేవుళ్ల విగ్రహాలూ, నాయకుల విగ్రహాలూ చెక్కుతారు. అనుచరుడికి విగ్రహం చెక్కించేవాడు లేడు. వాణ్ణి చెక్కవలసింది కథకుడే.

కేతు విశ్వనాథరెడ్డి, సింగమనేని నారాయణ వంటివాళ్లు సీమ పల్లె బతుకును, కరువును కథలోకి తెచ్చారు. కక్షల మీద కూడా మనవాళ్లు రాయకపోలేదు. కాని ఎక్కువ కథలు హత్యతో మొదలవుతాయి, లేదా హత్యతో ముగుస్తాయి. హత్య తరవాతి రాత్రి మీద, వార్డు మీద, కాంపౌండరు మీద, నర్సు మీద, కుట్లు మానాక మళ్లీ కత్తి అందుకోవలసి వచ్చిన కూలి మీద రావలసినన్ని కథలు రాలేదు. ‘మ్యాష్’ నుంచి మనం నేర్చుకోవలసింది దాని రాజకీయం కాదు. ఆ విషయంలో అది ఎక్కడ ఆగిపోయిందో చూశాం. నేర్చుకోవలసింది అది ఎంచుకున్న చోటు. అక్కడ నిలబడి, అది వేయని ప్రశ్న మనం వేయాలి: ఈ గాయం ఎవరి లాభం కోసం?

మరొక్క మాట. ఇటువంటి వస్తువుకు హాస్యం తగదని కొందరు మిత్రులన్నారు. నేను ఒప్పుకోను. పెద్దాసుపత్రి వరండాలో ఒక రాత్రి గడిపినవాళ్లకు తెలుసు. తెల్లవారుజామున టీ గ్లాసుల దగ్గర ఎవరో ఒకరు ఏదో అంటారు, అందరూ నవ్వుతారు, అంతలో లోపలినుంచి పేరు పిలుస్తారు. ఆ నవ్వునూ, ఆ పిలుపునూ ఒకే కథలో పట్టుకోగలిగిన రచయిత కోసం ఈ రెండు ఊళ్లూ ఎదురుచూస్తున్నాయి.