ఊరికే దొరికే ప్రాస

తెలుగులో ర్యాప్ రాయడం తేలిక అనుకుంటారు చాలామంది. చెడ్డ ర్యాప్ అయితే నిజంగానే తేలిక. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కదా. పొద్దున లేస్తున్న, చాయ్ తాగుతున్న, రైలు ఎక్కుతున్న, రాత్రికి వస్తున్న. నాలుగు లైన్లకూ అంత్యప్రాస కుదిరింది, ఒక్కదానికీ మెదడు ఖర్చు కాలేదు. ఇంగ్లిష్‌లో రాసేవాడు వెతికి తెచ్చుకునేదాన్ని మనకు వ్యాకరణమే సంచిలో పోసి ఇస్తుంది. నేను సికింద్రాబాద్ మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. వెనక ఏ కంపెనీ లేకుండా ఏళ్ల తరబడి ర్యాప్ రాస్తున్నాను, పాడుతున్నాను. ఈ పనిలో నేను ఎక్కువగా పోట్లాడింది ఈ సులువుతోనే. డబ్బు ఇబ్బంది, వేదికల కరువు దాని తర్వాతే.

ఆ సులువు ఎందుకు శత్రువో కొలత చెబితే అర్థమవుతుంది. మా దగ్గర ఒక వెర్స్ అంటే మామూలుగా 16 బార్లు, బార్‌కు నాలుగు దెబ్బలు. నిమిషానికి 90 దెబ్బలు పడే బీట్ మీద ఆ పదహారూ 43 సెకన్ల లోపే అయిపోతాయి. ఒక్కో దెబ్బను నాలుగు ముక్కలు చేసుకుంటే మొత్తం 256 గళ్లు. ఊపిరి పీల్చుకోవడానికి కొన్ని వదలాలి. చెప్పదలుచుకున్నదంతా మిగిలిన వాటిలోనే పట్టాలి. తెలుగు మాటేమో పొడుగు. కాలం, పురుష, వచనం అన్నీ క్రియకే అతుక్కుని వస్తాయి. ‘తిరిగొచ్చేస్తున్నాననుకున్నాడు’ అని ఒక్క మాట అన్నామంటే పదకొండు గళ్లు పోయినట్టే. అదే చోట ఒక వీధి పేరు, ఒక మనిషి, ఆ మనిషి చేతిలోని వస్తువు పట్టేవి.

అందుకే నా నోట్‌బుక్‌లో మొదటి కోత క్రియలకే. మా నాయిన గ్యాంగ్‌మన్. ఆయన మీద రాసుకున్న వెర్స్‌లో రెండు లైన్లు ఇవి:

మెట్టుగూడల మిట్టమధ్యాన్నం ఎండ
పట్టాలెంబడి నాయిన పట్టిన జెండ

క్రియతో ముగిసే వాక్యం ఇందులో ఒక్కటీ లేదు. చివర ఎండ, జెండ కలిశాయి. మొదట్లో మెట్టు, పట్టా అని రెండో అక్షరం కలిసింది. బడిలో ఉత్పలమాలకూ చంపకమాలకూ మార్కుల కోసం నేర్చుకున్న ప్రాస నియమమే ఇది. ఇంగ్లిష్ ర్యాప్‌లో ప్రాస బరువంతా లైన్ చివర, కొంత మధ్యలో ఉంటుంది. మనకు లైన్ మొదలు కూడా అందుబాటులో ఉంది. పైగా ట్ట, ద్ద, ప్ప లాంటి ద్విత్వాలు స్నేర్ దెబ్బ మీద పడితే నోరే డ్రమ్ము వాయించినట్టు ఉంటుంది. ఇంత సరుకున్న భాషలో ‘తున్న, తున్న’ అని కాలం గడపడం నాకు బాధగా ఉంటుంది.

పెద్దవాళ్లు కొందరు ప్రేమతోనే అంటారు, ర్యాప్ మనకు కొత్తేం కాదు, ఒగ్గుకథ ఉంది, చిందు భాగవతం ఉంది అని. నేను ఒప్పుకోను. ఈ కళ పుట్టిన చోటు, తేదీ కూడా చెప్పుకోవచ్చు. 1973 ఆగస్టు 11, న్యూయార్క్‌లోని బ్రాంక్స్, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ. జమైకా నుంచి వచ్చిన డీజే కూల్ హెర్క్ తన చెల్లెలు సిండీ పెట్టిన పార్టీలో వాయించాడు. అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50 సెంట్లు టికెట్టు. రికార్డులో డ్రమ్స్ మాత్రమే మోగే ముక్కను రెండు టర్న్‌టేబుళ్ల మీద సాగదీస్తూ పోవడం అతని పద్ధతి. ఆ సాగిన ముక్క మీదే మాటలు మొదలయ్యాయి. డబ్బూ అధికారమూ లేని నల్లజాతి, లాటినో పిల్లలు దీన్ని తయారు చేశారు. మేం వాళ్ల దగ్గర అప్పు తీసుకున్నాం, ఆ అప్పు ఒప్పుకోవాలి. ఒగ్గుకథ చెప్పేవాళ్లకు వాళ్ల గౌరవం వేరే ఉంది, దానికి ర్యాప్ సర్టిఫికెట్ అక్కర్లేదు.

తెచ్చుకున్నదాన్ని ఏ కాళ్ల మీద నిలబెట్టాలన్నది మాత్రం మా లష్కర్, అంటే సికింద్రాబాద్, నేర్పింది. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి బోనాలకు గల్లీ గల్లీలో డప్పు తీన్మార్ మోగుతుంది. ఆ నడక మూడు మూడుగా సాగుతుంది. అట్లాంటాలోని ట్రాప్ పాటలతో ట్రిప్లెట్ ఫ్లో ప్రపంచమంతా పాకినప్పుడు మా వారాసిగూడ పోరగాళ్లకు దాన్ని ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. నోటికి కొత్తే గాని కాళ్లకు తెలిసిన లెక్క అది.

రెండో పాఠం అల్వాల్ నుంచి వచ్చింది. ప్రజాగాయకుడు గద్దర్ ఉండింది అక్కడే, వెంకటాపురంలో. ఆయన పాట మధ్యలో ఆగి జనంతో మాట్లాడేవారు. డప్పు కింద సన్నగా నడుస్తూనే ఉండేది. ఆ మాట ఎక్కడ ఆగిందో, పాట ఎక్కడ అందుకుందో అతుకు కనిపించేది కాదు. ర్యాపర్‌కు ఇంతకన్నా పెద్ద పాఠం లేదని నా నమ్మకం. 2023 ఆగస్టు 6న ఆయన పోయారు. అల్వాల్‌లో ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే సమాధి చేశారు. ఆయన రాజకీయాలతో ఎవరికి ఎంత పేచీ ఉన్నా, మాటను తాళంలోకి దించే ఆ పద్ధతిని వినకుండా తెలుగులో ర్యాప్ రాయబోయేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యమే.

రికార్డింగ్ సంగతికి వస్తే, మా స్టూడియో ఒక పడకగది. గోడలకు బొంతలు కట్టి, అల్మారా తలుపులు తెరిచి, వేలాడే బట్టల వైపు మొహం పెట్టి పాడతాం. ప్రతిధ్వనిని బట్టలు మింగేస్తాయి. ఫ్యాను ఆపాల్సిందే, మే నెలైనా సరే. కండెన్సర్ మైక్ మంచిదే గాని పక్కింటి కుక్కర్ విజిల్‌ను కూడా ఎంతో శ్రద్ధగా పట్టుకుంటుంది. రైల్వే లైను పక్కన ఉండేవాళ్లకు డైనమిక్ మైకే దిక్కు. ఇంకో మాట. ఇప్పుడు లైన్ లైన్‌గా విడివిడిగా రికార్డు చేసి అతికించే పంచ్-ఇన్ పద్ధతి మామూలైపోయింది. వినడానికి బాగుంటుంది. కానీ స్టేజీ మీద ఆ ఊపిరి ఉండదు, ఆరో బార్‌కే మనిషి దొరికిపోతాడు. పదహారూ మధ్యలో ఆపకుండా ఒక్క టేక్‌లో చెప్పలేనిదాన్ని నేను రికార్డు చేయను. రాతలోనే ఊపిరికి చోటు పెట్టుకోవాలి.

బీట్ల దగ్గర కొత్త పిల్లలు మోసపోకూడదని చెబుతున్నాను. నెట్‌లో దొరికే బీట్‌ను రెండు వేలకో అటూ ఇటుగానో లీజుకు తీసుకుంటారు. లీజు అంటే అమ్మకం కాదు. అదే బీట్‌ను పది దేశాల్లో పది మంది తీసుకోవచ్చు. అందులో ఒకడు తన పాటను యూట్యూబ్ కంటెంట్ ఐడీలో నమోదు చేస్తే, మీ పాట మీదికి క్లెయిమ్ వచ్చి, రావాల్సిన నాలుగు రూపాయలు వాడి ఖాతాలో పడతాయి. ఊళ్లోనే బీట్లు చేసేవాళ్లను వెతుక్కోవాలి, వాళ్ల పేరు పాటలో వేయాలి. 2024లో ర్యాపర్ హనుమాన్‌కైండ్ ‘బిగ్ డాగ్స్’ ప్రపంచమంతా తిరిగినప్పుడు అందరూ వీడియోలోని మృత్యుకూపం గురించే మాట్లాడారు. మా గదిలో అందరం ఆ బేస్ గురించి మాట్లాడాం. దాని వెనకున్న నిర్మాత కల్మి హైదరాబాద్‌వాడు.

వేదికలు ఎక్కువగా పడమర వైపే. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి అందరికీ తలుపులు తెరిచి పెట్టింది. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి వైపు కేఫుల్లో ఓపెన్ మైక్‌లు జరుగుతాయి. మెట్టుగూడలోనో సికింద్రాబాద్ ఈస్ట్‌లోనో బ్లూలైన్ ఎక్కి, నిలబడి ఉన్న జనం మధ్య పెదాలు కదుపుతూ వెర్స్ పక్కా చేసుకుని పోవడం మాకు అలవాటే. తిరిగి రావడమే కష్టం. మన వంతు వచ్చేసరికి ఆఖరి మెట్రో వెళ్లిపోతుంది. మా వైపు హరిహర కళాభవన్ ఉంది గాని అది వందల మంది సభలకు కట్టిన హాలు. మాలాంటి పిడికెడు మందికి కాలనీ గ్రౌండే వేదిక. ఒక బ్లూటూత్ స్పీకర్, చుట్టూ గుండ్రంగా నిలబడ్డ మనుషులు. అక్కడ తెలుగులో ఒకడు మొదలుపెడితే దక్కనీలో ఒకడు అందుకుంటాడు, తమిళంలో ఇంకొకడు ముగిస్తాడు. కంటోన్మెంట్ ఊరు మాది, ఆ కలగలుపు ఎవరూ తెచ్చిపెట్టుకున్నది కాదు. తిట్టుకోవడం ఆటలో భాగమే. అమ్మనూ అక్కనూ కులాన్నీ తీసుకొస్తే మాత్రం మైక్ లాగేసుకుంటాం.

పేరు రావడం వేరే కథ. తెలుగు ర్యాపర్లలో నోయెల్‌ను జనం సినిమాల ద్వారా గుర్తుపట్టారు. రోల్ రైడా పతంగుల మీద చేసిన పాట గల్లీల్లో మోగింది, అయినా ఇంటింటికీ తెలిసింది 2018లో బిగ్‌బాస్‌కు వెళ్లాకే. పాతబస్తీ మాటతో రుహాన్ అర్షద్ ‘మియా భాయ్’ సినిమా లేకుండానే దేశమంతా తిరిగింది, కానీ అది దక్కనీ పాట. మంగళ్‌హాట్ రాహుల్ సిప్లిగంజ్ సొంత వీడియోలతో ఎంత కష్టపడ్డాడో మాకు తెలుసు. 2023 మార్చిలో ఆయన ఆస్కార్ వేదిక ఎక్కింది ‘నాటు నాటు’తో, సినిమా పాటతో. వీళ్లెవరినీ తక్కువ చేయడం లేదు, వాళ్లు తెరిచిన దారిలోనే మేం నడుస్తున్నాం. తమిళంలో 2021లో అరివు, దీ కలిసి చేసిన ‘ఎంజాయ్ ఎంజామి’ సినిమా ఊతం లేకుండా నిలబడింది. తెలుగులో పాట అంటే సినిమా పాటే అన్న అలవాటు ఎప్పటికి పోతుందా అని ఎదురు చూస్తున్నాను.

సంపాదన గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పగలు ఉద్యోగం ఉండాల్సిందే. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటకు ఏడాదిలో కనీసం 1000 స్ట్రీములు రాకపోతే పైసా లెక్కలోకి రాదు. బోనాల పాటలకు, గణపతి పాటలకు ర్యాప్ ముక్క రాసిపెడితే కొంత వస్తుంది. అవి ఇష్టంగానే రాస్తాను, మా గల్లీలో మోగుతాయి. ఎన్నికల పాటలు రాయను. రాసేవాళ్లను తప్పు పట్టను, ఇంటి కిరాయి ఎవరికైనా కట్టాల్సిందే. ఏది రాసినా కాగితం మీద సంతకం పెట్టేముందు చదవండి. 2012లో మారిన కాపీరైట్ చట్టం పాట రాసినవాడికి రాయల్టీలో వాటా ఇచ్చింది. అడగనివాడికి ఎవరూ తెచ్చివ్వరు.

మొన్న అడ్డగుట్ట నుంచి ఒక పిల్లాడు తన మొదటి పదహారు బార్లు తెచ్చాడు. అన్నీ ‘తది’తో ముగిశాయి. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ కొట్టేశాం. ఖాళీ అయిన చోట్లలో గంపలు వచ్చాయి, తక్కెడ వచ్చింది, తెల్లారి నాలుగింటి ఆటో వచ్చింది. మోండా మార్కెట్‌లో అమ్మమ్మ టమాటలు అమ్ముతది అన్న లైన్ దగ్గర వాడు పెన్ను పట్టుకున్నాడు.

“ఇది తియ్యనన్నా.”

“ఎందుకు తమ్మీ? అమ్మమ్మ, మోండా, టమాటలు. అంతా తెలుస్తుంది కదా.”

“అమ్ముతది అన్నది తీసేస్తే అమ్మమ్మ ఊకె కూసున్నట్టుంటదన్నా.”

బయటికి చదివి చూశాం. అమ్మమ్మ, అమ్ముతది. మ్మ మీద మ్మ పడింది, రెండోది సరిగ్గా స్నేర్ మీద. పదహారు బార్లలో అదొక్కటే క్రియ ఇప్పుడు. శనివారం రాత్రి రికార్డింగ్ పెట్టుకున్నాం. బొంతలు వాడే తెస్తానన్నాడు.