అట్టమీది కిరీటం

ఆదోని కోట మీద మా వైపు విశ్రాంత ఉపాధ్యాయుడొకరు నవల రాసి, సొంత డబ్బుతో అచ్చేయించారు. విజయనగర కాలంలో మొదలై 1688 దాకా నడిచే కథ. శాసనాలు వెదికారు, కైఫీయతులు చదివారు, గుట్టలెక్కి బురుజులు చూసొచ్చారు. పేజీపేజీకీ ఆ కష్టం కనబడుతుంది. అట్ట చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. పౌరాణిక సినిమా కిరీటం పెట్టుకున్న రాజు, వెనక రాజస్థాన్ కోట, పైన ఎర్రటి ఆకాశం. పేరుకేమో బంగారు రంగు అక్షరాలు, వాటికి నల్లటి నీడ. ఆ కోట మనది కాదని హొళగుంద నుంచి ఆదోనికి బస్సులో పోయొచ్చేవాళ్లెవరైనా చెప్పేస్తారు. మన కోట గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టుండే గుట్టల మీదుంది.

"రాజు బొమ్మ కావాలన్నారు సార్, నెట్‌లో దొరికింది పెట్టినా" అన్నాడు డీటీపీ చేసిన పిల్లోడు. అతన్ని ఏమనాలి? ఏళ్లు పట్టిన పుస్తకానికి అట్టను ఒక్క సాయంత్రంలో తేల్చమన్నారు. కథేమిటో చెప్పినవాళ్లు లేరు. నెట్‌లో దొరికే చిన్న బొమ్మ తెరమీద బాగానే ఉంటుంది. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలైనా ఉండాలి. అవి లేని బొమ్మను అట్టంత సాగదీస్తే మొహాలు అలుక్కుపోతాయి. తెరమీద మెరిసిన రంగులు నాలుగు రంగుల సిరాలోకి వచ్చేసరికి మసకబారతాయి. ఒక్క రంగుల ప్రూఫు తీయించి ఉంటే ఇవన్నీ ముందే తెలిసేవి.

విజయనగర రాజు తలమీద ఏముండేదో ఊహించుకోనక్కర్లేదు. తిరుమలలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ కృష్ణదేవరాయల లోహ విగ్రహం తలమీద పొడవాటి కుళ్లాయి ఉంది. లేపాక్షి గుడి కప్పు మీది చిత్రాల్లో ఆ కుళ్లాయిలతో పాటు చీరల అంచులు, కొప్పులు, నగలు కూడా చూసుకోవచ్చు. 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి' లాంటి చారిత్రక నవలలు రాసిన అడవి బాపిరాజైతే తానే బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర చిత్రలేఖనం నేర్చినవాడు. అందరికీ ఆ చెయ్యి ఉండదు, నిజమే. కానీ లేపాక్షి ఫొటోలు నాలుగు చిత్రకారుడి చేతిలో పెట్టి, పక్కన ఒక పూట కూర్చోవడం ఏ రచయితకైనా చేతనవుతుంది. శాసనం కోసం అంత తిరిగిన మనిషి అట్ట దగ్గర ఆగిపోవడమే నాకు బాధ. లోపలి చరిత్రను నమ్మాలో వద్దో చదివేవాడు ముందు అట్ట చూసే అనుకుంటాడు.

వెనక అట్ట సంగతి ఇంకా కష్టం. రచయిత ఫొటో, బిరుదులు, సన్మానాలు, ముందుమాటల్లోంచి ఏరిన పొగడ్తలు. కథ గురించి ఒక్క ముక్క లేదు. ఎప్పటి కథ, ఎవరిది, వాళ్లకొచ్చిన ఇరకాటమేమిటి, ఇంతే కదా కొనేవాడు తెలుసుకోవాలనుకునేది! ఈ నవలకైతే నేనిట్లా రాద్దును:

"1688. బిజాపూరు కూలి రెండేళ్లు. ఔరంగజేబు సేన ఆదోనిని చుట్టుముట్టింది. కోటలో హబ్షీ సేనాని సిద్ది మసూద్ ఖాన్. ఫిరంగులు ఆయన కట్టించిన జామియా మసీదు వైపు తిరిగాయి. ఇప్పుడాయన కోటను కాపాడుకోవాలా, మసీదునా?"

మసీదు కోసమే ఆయన కోట వదులుకున్నాడని మా వైపు చెప్పుకుంటారు. నవలలో ఆ ఘట్టం చదువుతుంటే చేతులు వణికాయి. అంత గొప్ప సన్నివేశం పుస్తకంలో ఉందని అట్టమీద ఎక్కడా లేదు. కిరీటం రాజేమో ఇటు రాయల కాలానికీ అటు మసూద్ ఖాన్‌కూ చెందడు.

రెండో ముద్రణకు సార్ సిద్ధమవుతున్నారు. ముందట్టకు ఆ మసీదు రాతి కమానులు, వెనక గుట్టలు చాలునన్నాను. పేరు ఒకే రంగులో, ఫోన్‌లో బొటనవేలంత కనబడ్డా చదవగలిగేలా. ఫొటో లోపలి పేజీకి పోవడానికి ఆయన ఒప్పుకున్నారు. బిరుదుల మాట ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం చిత్రకారుణ్ణి వెంటబెట్టుకుని ముగ్గురం ఆదోనికి పోతున్నాం.