గండిపేట లెక్క

మే నెల, గచ్చిబౌలిలో పీజీ గది, నెత్తిన డాబా. కూలర్ తిరుగుతున్నా ల్యాప్‌టాప్ పెనంలా కాలుతోంది. కోడ్ కంపైల్‌కి పెట్టగానే ఫ్యాన్ ఈల మొదలు. లినక్స్‌లో ‘సెన్సర్స్’ అని కొడితే ఒక్కో కోర్ పక్కన ఒక అంకె వచ్చింది: 78, 81, 79. ఈ అంకె ఎవరు చెబుతున్నారో చూద్దామని సోర్సు తెరిచాను. ఆ రాత్రి నా కంపైల్ పని అక్కడే ఆగిపోయింది.

ఇంటెల్ ప్రాసెసర్ల దగ్గర ఆ పని చేసేది ‘కోర్‌టెంప్’ అనే చిన్న డ్రైవర్. 2007లో రూడాల్ఫ్ మారెక్ రాశాడు, తర్వాత చాలామంది చేతులు పడ్డాయి. చిప్పులో థర్మామీటర్ లాంటిదేదో ఉంటుందని, డ్రైవర్ దాన్ని చదివి చెబుతుందని అనుకునేవాణ్ణి. కాదు. తన వేడి ఎంతో చిప్పు చెప్పదు. హద్దుకి ఎన్ని డిగ్రీల దిగువన ఉందో అంతే చెబుతుంది.

మనకిది కొత్త కాదు. వానాకాలంలో గండిపేట చెరువు వార్త ఎలా వస్తుంది? పూర్తి మట్టం 1,790 అడుగులు, ఇప్పుడు ఇంత. చదివినవాడు అక్కడికక్కడే తీసివేసుకుంటాడు, నిండడానికి ఇంకెంతుందని. అడుగున లోతెంతో ఎవరికీ పట్టదు. ఈ సెన్సర్ చూపూ అదే. హద్దు దగ్గరకొచ్చేకొద్దీ దాని మాట నికరం. చల్లగా ఉన్నప్పుడు కాస్త అటూఇటూ అయినా కొంప మునగదు. హద్దు తగిలితే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

ఆ తీసివేత మన తరఫున చేసేది కోర్‌టెంప్. టీజేమ్యాక్స్ అనే హద్దులోంచి రిజిస్టర్ ఇచ్చిన అంకె తీసేయడం, అంతే, ఒక్క వరుస. అసలు కష్టమంతా ఆ హద్దు ఎక్కడుందో తేల్చుకోవడంలో ఉంది. కొత్త చిప్పులు దాన్ని ఒక రిజిస్టర్‌లో రాసిపెట్టుకుంటాయి. పాత కోర్ 2, ఆటమ్ చిప్పులకు ఆ అలవాటు లేదు. అందుకని డ్రైవర్ మోడల్ చూస్తుంది, స్టెప్పింగ్, అంటే ఆ మోడల్‌లో ఎన్నో కూర్పో, చూస్తుంది. కొన్ని ఆటమ్‌ల విషయంలో పక్కనున్న చిప్‌సెట్ ఏదో ఆరా తీసి, దాన్నిబట్టి హద్దు కడుతుంది. పెళ్లిసంబంధానికి వెళ్లినవాళ్లు పక్కింట్లో వాకబు చేసినట్టు! ఇంత చేసీ లెక్క తప్పిందనిపిస్తే హద్దును మనమే చెప్పుకునే వీలు కూడా ఉంచారు. నాకు ఈ ఫైలు మీద గౌరవం కలిగింది ఇక్కడే.

చదివిన ఫలితాన్ని ఈ డ్రైవర్ ఒక సెకను పాటు దాచుకుంటుంది. మానిటర్ ప్రోగ్రాం ఎంత ఆత్రంగా అడిగినా ఆ లోపల మళ్లీ చిప్పు తలుపు తట్టదు. వేడి కొలవడానికెళ్లి వేడి పెంచడం ఎందుకన్నట్టు.

ఫలితం రాసే తీరు ఇంకో ముచ్చట. కెర్నెల్‌లో దశాంశ బిందువుల లెక్కలు పెట్టుకోరు. అందుకే 81 డిగ్రీలను 81000 అని, డిగ్రీలో వెయ్యో వంతుల్లో రాస్తారు. ఈ సెన్సర్ చూపేది నిండు డిగ్రీలే కాబట్టి చివరి మూడు సున్నాలు ఎప్పటికీ సున్నాలే. అయినా లినక్స్‌లోని ఉష్ణోగ్రత డ్రైవర్లన్నీ ఒకే పద్ధతి పాటిస్తేనే పైనున్న ప్రోగ్రాంకి సుఖం. ఏఎండీ చిప్పుల ‘కె10టెంప్’దీ అదే పద్ధతి. అక్కడ చిక్కు వేరు: రైజెన్ 7 1800ఎక్స్ తన వేడిని 20 డిగ్రీలు ఎక్కువ చేసి చెబుతుంది, ఫ్యాన్ల తీరు అన్ని మోడళ్లలో ఒకేలా ఉండాలని కంపెనీ వాళ్లే పెట్టిన ఎచ్చు. ఆ డ్రైవర్ ఒక పట్టిక పెట్టుకుని, ఏ మోడల్ ఎంత కోతలు కోస్తుందో అంత తగ్గించి, అసలు వేడిని వేరే వరుసలో చూపుతుంది.

ఇప్పుడు తెర మీద 81 కనిపిస్తే నేను చదివేది హద్దుకి ఇంకా 19 అని. నిన్న ల్యాప్‌టాప్ వెనక వైపు కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టాను. పది నిమిషాలకు 26 అయింది.