‘కన్ను’ వెతికితే ‘కంటి’ దొరకదు

తెలుగు పాఠ్యనిధులలో రెండు మూడు మాటలను కలిపి వెతికే సౌకర్యం పలుచోట్ల ఇంగ్లీషు నమూనాకు నకలు. అక్షరాల వరుసను పోల్చి, మాటల నడుమ ‘అండ్’ చేర్చడంతో పని ముగిసిందనుకుంటారు. ‘కన్ను’, ‘మంట’ అని అడిగితే ‘కంటిమంట’ రాదు. ‘కళ్ళు’, ‘కళ్లు’, ‘కండ్లు’ ఏవీ రావు. ‘ఫలితాలు లేవు’ అన్న ఆ జవాబును నమ్మి, ఫలానా కవి ఈ మాట వాడలేదని పరిశోధకుడు తీర్మానించే ప్రమాదం ఉంది. వైద్యంలో ఇటువంటిదాన్ని తప్పుడు నెగటివ్ అంటాము.

రూపాలన్నిటినీ ‘ఆర్’తో కలపవచ్చు, కాని కుండలీకరణాలు తప్పనిసరి. ‘కన్ను ఆర్ కంటి అండ్ మంట’ అన్న షరతులో ఎస్‌క్యూఎల్ ముందుగా ‘అండ్’ను లెక్కిస్తుంది, మంట ఊసే లేని కన్నులన్నీ వచ్చిపడతాయి. పబ్‌మెడ్ అదే వరుసను ఎడమనుంచి కుడికి చదువుతుంది కనుక అక్కడ ఈ చిక్కు రాదు. పోనీ, ‘కంటి’ని పదం నడుమ కూడా వెతకమంటే సాక్షాత్తు ముక్కంటే ప్రత్యక్షమవుతాడు!

పబ్‌మెడ్‌లో ‘హార్ట్ ఎటాక్’ అని అడిగినా ‘మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్’ వ్యాసాలు వస్తాయి. దాని వెనుక ఏటా సవరించే మెష్ పదకోశం ఉంది. మనమూ పాఠాన్ని ఎక్కించేటప్పుడే ప్రతి పదానికీ మూలరూపాన్ని జతచేస్తే పాఠకుడికి ఈ శ్రమ తప్పుతుంది. సంధులు విడదీయడం మాత్రం అంత తేలిక కాదు.