గుణవతి కాదు, గట్టి మనిషి

సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు అన్నారు మనవాళ్ళు. తెలుగు బైబిల్లో 'సామెతలు' అన్న పేరుతోనే 31 అధ్యాయాల పుస్తకం ఒకటుంది. సొలొమోను పేరు మీద చెలామణీ అవుతున్నా, అది ఒక్క చేతి రాత కాదు. హిజ్కియా రాజు మనుషులు ఎత్తి రాసినవి కొన్ని, ఆగూరు అనే ఆయన చెప్పినవి కొన్ని, లెమూయేలు అనే రాజుకి వాళ్ళమ్మ బోధించినవి కొన్ని అని ఆ పుస్తకమే ఒప్పుకుంటుంది. తమాషా ఏమిటంటే, ఆమెత కూడా ఇందులోనే ఉంది! తొమ్మిదో అధ్యాయంలో జ్ఞానం ఏడు స్తంభాల ఇల్లు కట్టుకుని, విందు సిద్ధం చేసి, పనికత్తెలను ఊళ్ళోకి పంపి, తెలివి చాలని వాళ్ళందర్నీ భోజనానికి రమ్మని పిలుస్తుంది.

పిలుస్తుంది అన్నాను. ఎవరు? ఆడమనిషా, వస్తువా? ఇక్కడ మన వ్యాకరణం కొంచెం తికమక పెడుతుంది. బస్సు వచ్చింది, కోడలు వచ్చింది - మన క్రియకి రెండూ ఒకటే. హీబ్రూలో అలా కాదు. జ్ఞానానికి వాళ్ళ మాట 'హొక్మా', అది స్త్రీలింగం. ఆ ఆధారంతో కవి నిండైన స్త్రీమూర్తినే నిలబెట్టాడు. ఎనిమిదో అధ్యాయంలో ఆవిడ దారులు కలిసే చోట, కోటగుమ్మం దగ్గర నిలబడి గొంతెత్తి మాట్లాడుతుంది. దేవుడు లోకాన్ని కడుతున్నప్పుడు తాను పక్కనే ఉన్నానంటుంది. తెలుగులో చదివేవాళ్ళకి అది ఆడగొంతు అని చప్పున తట్టదు.

ఇక క్రైస్తవ వ్యాఖ్యాతల సంగతి చూద్దాం. క్రీస్తే దేవుని జ్ఞానమని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోనే అన్నాడు. ఆ దారి పట్టుకుని తొలి శతాబ్దాల వాళ్ళు ఈ స్త్రీలో క్రీస్తును చూశారు. ఆవిడ పెట్టిన ఆమెతలో ప్రభువు బల్లను చూశాడు, 3వ శతాబ్దంలో కార్తేజి బిషప్పుగా ఉన్న సిప్రియన్. ఒక్క క్రియాపదం మీద పెద్ద తగువే నడిచింది. దేవుడు జ్ఞానాన్ని సృజించాడని గ్రీకు అనువాదం. అలాగైతే క్రీస్తు కూడా సృష్టిలోని వాడేగా అన్నాడు అరియస్. కానే కాదని 325లో నైసియా సభ తీర్మానించింది. తరవాత లాటిన్‌లోకి తెచ్చిన జెరోము ఆ చోట 'కలిగి ఉన్నాడు' అనే అర్థం వచ్చే మాట వేశాడు.

ఈ వ్యాఖ్యానాన్ని నేను తప్పు పట్టను. పాతమాటలో కొత్త అర్థం చూడటం భక్తికి ఉన్న హక్కు. మనవాళ్ళు మాత్రం గోపికల్ని జీవాత్మలనలేదూ? అయితే నవలలు రాసుకునే దాన్ని కనక, తత్త్వం బోధపడ్డాక కూడా పాత్ర కళ్ళకి కనిపిస్తూనే ఉండాలంటాను. నా పేచీ అంతా ఆఖరి పద్యం దగ్గర.

31వ అధ్యాయం చివర 22 చరణాల పద్యం ఉంది. హీబ్రూ అక్షరాలు 22. అక్షరానికొక చరణం చొప్పున ఒక ఇల్లాలి మీద చెప్పారు. ఆవిడ తెల్లారకముందే లేస్తుంది. ఉన్నీ నారా తెచ్చుకుని వడుకుతుంది. పొలం చూసి బేరమాడి కొంటుంది. తన సంపాదనతో ద్రాక్షతోట వేస్తుంది. బట్టలు నేసి వర్తకులకి అమ్ముతుంది. బీదవాళ్ళకి చెయ్యి చాచి పెడుతుంది. ఇంతటి మనిషిని పట్టుకుని, ఈవిడ క్రైస్తవ సంఘానికి గుర్తు అని ప్రసంగించాడు అగస్టీను. మధ్యయుగాల పొడుగునా ఇలాంటి వ్యాఖ్యలదే పైచేయి. కదురుకీ పొలానికీ తోటకీ గూఢార్థాలు దొరికాయి గానీ, పని చేసే చేతులు మాయమయ్యాయి. 16వ శతాబ్దపు మతసంస్కరణ తరవాత ప్రొటెస్టంటు వ్యాఖ్యాతలు ఆవిణ్ణి మళ్ళీ మనిషిని చేశారు. సంతోషమే. కానీ మనిషితో ఆగకుండా, ఇంటింటి కోడళ్ళనీ కొలిచే కొలబద్దను కూడా చేశారు!

ఆవిడకి హీబ్రూ కవి ఇచ్చిన బిరుదు 'ఎషెత్ హయిల్'. హయిల్ అంటే బలం, పరాక్రమం. సైన్యానికి కూడా అదే మాట. గ్రీకువాళ్ళు ధైర్యం గల స్త్రీ అన్నారు. జెరోము బలమైన స్త్రీ అన్నాడు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో శీలవతి అయింది. మన తెలుగులో గుణవతి అయింది. వీరులకి వాడిన మాట ఆడదాని దగ్గరకొచ్చేసరికి అణకువ నేర్చుకుందన్న మాట! బైబిల్లో పేరున్న స్త్రీలలో ఈ బిరుదు దక్కింది ఒక్క రూతుకే. ఆవిడకి పొలమూ లేదు, తోటా లేదు. పరాయి దేశం నుంచి వచ్చిన విధవరాలు. కోసిన చేలో పరిగె ఏరుకొచ్చి అత్తగారికి ఇంత అన్నం పెట్టింది. దాన్ని ఉత్త మంచితనం అని సరిపెడదామా? గట్టి మనిషి అందామా?

ఇంకో సంగతి గమనించండి. ఈ పద్యం విడిగా పుట్టిందని చాలామంది పండితులు అంటారు. అయినా సంకలనకర్త దాన్ని తీసుకొచ్చి పెట్టింది తల్లి కొడుక్కి చేసిన బోధ పక్కన. వినవలసిన వాడు మగవాడు. యూదుల ఇళ్ళల్లో శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనానికి ముందు ఈ పద్యం పాడే ఆచారం ఉంది. పాడేది ఇంటాయన, వినేది ఇల్లాలు. నేను విన్న పెళ్ళి ప్రసంగాల్లో మటుకు ఇదే పద్యం పెళ్ళికూతురికి అప్పజెప్పే పనుల జాబితా అయింది. పొగడ్త కాస్తా పురమాయింపు అయి కూర్చుంది.

ఆఖరి చరణం ఏం కోరుతుందో తెలుసా? ఆవిడ చేతుల కష్టఫలం ఆవిడకే ముట్టాలని, కోటగుమ్మం దగ్గర ఆవిడ పనులే ఆవిణ్ణి పొగడాలని. కోటగుమ్మమంటే పెద్దమనుషులు కూర్చుని తీర్పులు చెప్పే చోటు. మొదట జ్ఞానం నిలబడి కేకేసింది కూడా అక్కడే గదా! ఆ ఇద్దరు స్త్రీలూ ఒకే గుమ్మం దగ్గర కలుస్తున్నారు. వ్యాఖ్యాతలు ఒకరిలో క్రీస్తును చూశారు, మరొకరిలో సంఘాన్ని చూశారు. చూడనివ్వండి. ముందు ఆవిడ కష్టఫలం ఆవిడ చేతిలో పెట్టి, ఆ తరవాత ఏ అర్థం చెప్పినా కూర్చుని వింటాం.